ఇంటి లెక్కల సాఫ్ట్‌వేర్‌లో పద్దులు వేసుకోవడం ఎలా

ఇంటి జమాఖర్చులు కంప్యూటర్‌లో రాయడం మొదలుపెట్టిన చాలామంది రెండు మూడు నెలలకే మానేయడానికి కారణం పద్దులే. మొదటిరోజు ఉత్సాహంలో అరవై డెబ్బై పద్దులు పెడతారు. కాఫీకి ఒకటి, టిఫిన్‌కి ఒకటి, సాయంత్రం బజ్జీలకి ఇంకొకటి. బీచ్ రోడ్డులో తిన్న మొక్కజొన్న పొత్తు ఎందులో రాయాలో తేలక ‘ఇతరాలు’లో పడేస్తారు. ఆ ‘ఇతరాలు’ నెలకి పదివేలు దాటాక రిపోర్టు ఎంత అందంగా ఉన్నా దాన్ని చూసి మార్చుకోగలిగింది ఏమీ ఉండదు.

పద్దు పెట్టేముందు ఒక్క ప్రశ్న వేసుకోండి: ఈ అంకె పెరిగిందని తెలిస్తే వచ్చే నెల నేను ఏదైనా మార్చగలనా, లేదా దీనికోసం ముందుగా డబ్బు పక్కన పెట్టాలా? రెండింటికీ కాదనే జవాబొస్తే ఆ పద్దు అక్కర్లేదు. ఏ షాపులో కొన్నామన్నదాన్ని బట్టి పద్దులు పెట్టకూడదు. సూపర్‌మార్కెట్ పేరుతో పద్దు పెడితే అందులో బియ్యం, ఫ్యాను, పిల్లల నోటుపుస్తకాలు కలిసిపోయి ఏది పెరిగిందో తెలియదు. ఇద్దరు సంపాదించి ఇద్దరు పిల్లల్ని చదివిస్తున్న ఇంటికి పది పెద్దపద్దులు, వాటికింద ముప్పై దాకా చిన్నపద్దులు సరిపోతాయి.

ఇక్కడ ఉదాహరణలన్నీ గ్నూక్యాష్ అనే సాఫ్ట్‌వేర్‌లో చెబుతున్నాం. ఇది ఉచితం, విండోస్‌, మ్యాక్, లినక్స్ మూడింటిలోనూ నడుస్తుంది, పద్దుల పేర్లు తెలుగులోనే రాసుకోవచ్చు. అన్నిటికంటే ముఖ్యం, డబ్బు ఎక్కడినుంచి ఎక్కడికి వెళ్లిందో రెండువైపులా రాయిస్తుంది. వేరే సాఫ్ట్‌వేర్ వాడేవాళ్లు మెనూల పేర్లు మార్చుకుంటే చాలు, లెక్క మారదు.

విశాఖలో ఉండే కుటుంబానికి ఖర్చుల చెట్టు ఇలా ఉంటే బాగా పనిచేస్తుంది:

100 ఇల్లు: అద్దె, అపార్ట్‌మెంట్ మెయింటెనెన్స్, ఇంటి పన్ను, నీటి చార్జీ, రిపేర్లు
200 వంటిల్లు: కిరాణా, కూరలు-పళ్లు, పాలు, చేపలు-మాంసం, గ్యాస్
300 బిల్లులు: కరెంటు, ఇంటర్నెట్, మొబైల్
400 బండి, ప్రయాణం: పెట్రోలు, సర్వీసింగ్-టైర్లు, బండి బీమా, బస్సు-ఆటో, ఊరి ప్రయాణం
500 పిల్లలు: స్కూలు ఫీజు, పుస్తకాలు-యూనిఫారం, ట్యూషన్
600 ఆరోగ్యం: డాక్టరు-పరీక్షలు, నెలవారీ మందులు, ఆరోగ్య బీమా
700 మనుషులు, పండగలు: బట్టలు, చదివింపులు, పూజలు-గుడి, అమ్మానాన్నలకు
800 బయట తిండి, సరదా
900 వడ్డీలు, చార్జీలు: హోమ్‌లోన్ వడ్డీ, చిట్టీ పాట తగ్గింపు, బ్యాంకు-కార్డు చార్జీలు, వృత్తి పన్ను
990 తేలనివి

ముందున్న అంకెలు అలంకారానికి కాదు. గ్నూక్యాష్ పద్దుల్ని ముందు అకౌంట్ కోడ్ చూసి వరసలో పెడుతుంది. కోడ్ ఇవ్వకపోతే పేరు అక్షరక్రమంలో సర్దేస్తుంది, ‘ఆరోగ్యం’, ‘ఇల్లు’ పక్కపక్కన వచ్చి కూర్చుంటాయి. చిన్నపద్దులకి 210, 220, 230 అని పదేసి వదిలి కోడ్లు ఇస్తే తర్వాత మధ్యలో కొత్తది చేర్చడం తేలిక. పద్దు పేరులో కోలన్ గుర్తు వాడకండి. పెద్దపద్దుని, చిన్నపద్దుని విడదీయడానికి సాఫ్ట్‌వేర్ దాన్నే వాడుకుంటుంది.

కొత్తగా మొదలుపెడితే ఫైల్ మెనూలో న్యూ ఫైల్ నొక్కండి. సెటప్ విజర్డ్ కరెన్సీ అడిగినప్పుడు ఐఎన్ఆర్ (మన రూపాయి) ఎంచుకుని, రెడీమేడ్ పద్దుల జాబితాలో కామన్ అకౌంట్స్ ఒక్కటే టిక్ చేయండి. అన్నీ టిక్ చేస్తే అమెరికా పన్నులకు సంబంధించినవీ వచ్చి పడతాయి, తర్వాత ఒక్కొక్కటీ తీసేయాలి. ఆపైన ఖర్చుల కింద పై చెట్టు కట్టండి. పైనున్న పది పద్దుల్లో చిన్నపద్దులున్న ప్రతిదానికీ ఎడిట్ అకౌంట్‌లో ప్లేస్‌హోల్డర్ అన్న గడి టిక్ చేయండి. ఇక ఎవరూ పొరపాటున ‘వంటిల్లు’ అని మాత్రమే రాసి వదిలేయలేరు, కిరాణానో కూరలో తేల్చుకోవాల్సిందే. ఇది చేయని ఇళ్లలో సగం ఖర్చు పెద్దపద్దులో, సగం చిన్నపద్దుల్లో పడి, ఆ రెండింటినీ ఏ రిపోర్టూ సరిగ్గా పోల్చలేదు.

ఒకే బిల్లులో రకరకాల వస్తువులున్నప్పుడు స్ప్లిట్ వాడండి. 3,400 రూపాయల సూపర్‌మార్కెట్ బిల్లులో 2,600 కిరాణా, 800 పిల్లల పుస్తకాలు అయితే ఒకే ఎంట్రీని రెండు పద్దులకు పంచాలి. ప్రతి సబ్బునీ, ప్రతి పెన్నునీ విడదీయబోతే పది రోజుల్లో విసుగొస్తుంది. మూడొందలు దాటిన వేరే రకం వస్తువుంటేనే విడదీయండి, మిగిలిందంతా కిరాణా కింద రాసేయండి. సబ్బులు, సర్ఫు ఎప్పుడూ కిరాణాయే.

పండగల దగ్గర చాలామంది తికమక పడతారు. సంక్రాంతికి శ్రీకాకుళం వెళ్లొస్తే బస్సు టికెట్లు ‘ఊరి ప్రయాణం’లో రాయాలా, ‘సంక్రాంతి’ అని పద్దు పెట్టి అందులో రాయాలా? టికెట్లు ప్రయాణంలోనే, బట్టలు బట్టల్లోనే, అరిసెల బెల్లం కిరాణాలోనే రాయండి. పండగ మొత్తం ఖర్చు కూడా తెలియాలంటే ప్రతి ఎంట్రీ వివరణ చివర #సంక్రాంతి26 లాంటి గుర్తు ఒకే తీరులో చేర్చండి. ట్రాన్సాక్షన్ రిపోర్టు ఆప్షన్లలో ఫిల్టర్ దగ్గర ఆ గుర్తు ఇస్తే అన్నీ ఒకచోట మొత్తంతో సహా వస్తాయి. సింహాచలం చందనోత్సవం, మేనకోడలి పెళ్లి, ఇంటికి రంగులు వేయించడం, అన్నిటికీ ఇదే పద్ధతి. సందర్భానికో పద్దు పెట్టడం మొదలుపెడితే మూడేళ్లలో చెట్టు అడవైపోతుంది.

ఖర్చులా కనిపించినా ఖర్చు కానివి కొన్నున్నాయి. లెక్కలు ఎక్కువగా పాడయ్యేది ఇక్కడే.

క్రెడిట్ కార్డుని అప్పుల కింద ఖాతాగా పెట్టండి. కార్డుతో 4,000కి సరుకులు కొన్నరోజే కిరాణాలో ఖర్చు రాయాలి. తర్వాత బ్యాంకునుంచి కార్డుకి కట్టిన 4,000 ఒక ఖాతానుంచి ఇంకో ఖాతాకి బదిలీ, అంతే. దాన్నీ ఖర్చుగా రాస్తే 8,000 ఖర్చయినట్టు కనిపిస్తుంది. ఏటీఎంలో తీసిన డబ్బు కూడా అంతే, బ్యాంకునుంచి ‘చేతి నగదు’కి బదిలీ.

హోమ్‌లోన్ ఈఎంఐ మొత్తాన్ని ఖర్చులో వేయకండి. 30 లక్షల అప్పు 8.5 శాతం వడ్డీకి ఇరవై ఏళ్లకు తీసుకుంటే ఈఎంఐ సుమారు 26,035 వస్తుంది. మొదటి నెల అందులో 21,250 వడ్డీ, 4,785 మాత్రమే అసలు. వడ్డీ ఖర్చులోకి, అసలు అప్పు ఖాతాలోకి వెళ్లాలి. నెలనెలా ఈ విభజన మారుతుంది కాబట్టి బ్యాంకు ఇచ్చే షెడ్యూలు చూసి రాయండి. అంత ఓపిక లేకపోతే ఏడాదంతా మొత్తం అప్పు ఖాతాలోనే వేసి, మార్చిలో బ్యాంకు ఇచ్చే వడ్డీ సర్టిఫికెట్ ప్రకారం ఆ ఏడాది వడ్డీని ఒకే ఎంట్రీతో ఖర్చులోకి మార్చండి.

చిట్టీ విషయం ఏ రెడీమేడ్ జాబితాలోనూ ఉండదు, మన ఇళ్లలో మాత్రం తప్పకుండా ఉంటుంది. ఇరవై మంది, నెలకి 5,000, మొత్తం లక్ష చిట్టీ అనుకుందాం. ఆస్తుల కింద ‘చిట్టీ’ అని ఒక ఖాతా, ఆదాయం కింద ‘చిట్టీ డివిడెండ్’ పెట్టండి. ఒక నెల పాట 25,000 తగ్గింపుకి పోయింది, అందులో కంపెనీ కమిషన్ 5,000. మిగిలిన 20,000 ఇరవై మందికి పంచితే తలా వెయ్యి. ఆ నెల మీరు కట్టేది 4,000. ఎంట్రీ ఇలా: చిట్టీ ఖాతాలోకి 5,000, అందులో 4,000 బ్యాంకునుంచి, 1,000 డివిడెండ్‌నుంచి. మీరే అదే తగ్గింపుకి పాడి ఎత్తుకుంటే బ్యాంకులోకి 75,000, ‘చిట్టీ పాట తగ్గింపు’ ఖర్చులోకి 25,000, చిట్టీ ఖాతానుంచి లక్ష తీసేయాలి. ఖాతా మైనస్‌లోకి వెళ్తుంది. అది తప్పు కాదు, ఇంకా కట్టాల్సిన బాకీ అదే. ఇరవయ్యో నెల కట్టేశాక ఖాతా సరిగ్గా సున్నా కావాలి. కాకపోతే ఏదో నెల డివిడెండ్ రాయడం మరిచిపోయారు.

చేబదులు ఇచ్చినా అంతే. ‘చేబదుళ్లు’ అని ఆస్తుల కింద ఒకే ఖాతా పెట్టి, వివరణలో మనిషి పేరు రాయండి. తిరిగి రాదని తేలినరోజు ఖర్చులోకి మార్చండి, అప్పటిదాకా కాదు. చదివింపులు మాత్రం నిజమైన ఖర్చే, ఏనాటికో మన ఇంటి పెళ్లికి తిరిగొస్తాయని ఆస్తిలో రాసుకోవడానికి లేదు. బంగారం కొన్నప్పుడు లోహం విలువ ఆస్తిలోకి, తరుగు, మజూరీ, జీఎస్టీ ఖర్చులోకి విడదీస్తే రేపు అమ్మబోయినప్పుడు ఏం వస్తుందో కాస్త నిజంగా కనిపిస్తుంది.

జీతం కూడా బ్యాంకులో పడ్డ అంకెతో రాయకండి. స్థూల జీతం 60,000, బేసిక్ 30,000 అయితే పీఎఫ్ 12 శాతం అంటే 3,600, వృత్తి పన్ను 200 పోగా 56,200 వస్తుంది. ఆదాయం 60,000 రాసి పీఎఫ్‌ని ఆస్తికి, వృత్తి పన్నుని ఖర్చుకి పంచితే ఏడాది చివర దాచింది ఎంతో తెలుస్తుంది. ప్రతి నెలా కొట్టనక్కర్లేదు, ఒకసారి రాసి షెడ్యూల్డ్ ట్రాన్సాక్షన్‌గా పెట్టుకోండి.

ఇప్పుడు ఏడాదికోసారి వచ్చే ఖర్చులు. స్కూలు ఫీజు 60,000, ఇంటి పన్ను 12,000, ఆరోగ్య బీమా 24,000, బండి బీమా 6,000, దసరా సంక్రాంతులకు 30,000 అనుకుంటే ఏడాదికి 1,32,000, నెలకి 11,000. దీన్ని ముందుగా పక్కన పెట్టకపోతే జూన్ నెల ప్రతి ఏడూ అప్పుతోనే గడుస్తుంది. గ్నూక్యాష్‌లో బ్యాంకు ఖాతాకింద రెండు ఉపఖాతాలు పెట్టండి: ‘వాడుకకి’, ‘ఏడాది ఖర్చులకి’. జీతం పడ్డరోజే 11,000 మొదటిదాన్నుంచి రెండోదానికి మార్చండి. బ్యాంకులో డబ్బు కదలదు, మీ లెక్కలో మాత్రం అది వాడుకకి లేదు. ఫీజు కట్టాక దానికి సరిపడా వెనక్కి ‘వాడుకకి’లోకి మార్చాలి. బ్యాంకు స్టేట్‌మెంట్‌తో సరిచూసేటప్పుడు పై ఖాతాని ఎంచుకుని, రీకన్సైల్ కిటికీలో ఇన్‌క్లూడ్ సబ్‌అకౌంట్స్ టిక్ చేయండి. అది మరిచిపోతే నిల్వ ఎప్పటికీ కలవదు.

మొదటి ఏడాది పన్నెండుతో భాగిస్తే చాలదు. జనవరిలో మొదలుపెట్టి జూన్‌లో ఫీజు కట్టాలంటే ఐదు జీతాలే ఉన్నాయి, ఒక్క ఫీజుకే నెలకి 12,000 తీయాలి. మిగిలి ఉన్న నెలలతో భాగించండి.

ఇంటి పన్ను జీవీఎంసీకి, అంటే విశాఖ నగరపాలక సంస్థకి, ఆర్నెల్లకోసారి కట్టాలి, ఏప్రిల్-సెప్టెంబరుకి ఒకటి, అక్టోబరు-మార్చికి ఒకటి. ఏడాది మొత్తం ఏప్రిల్ 30లోగా ఒకేసారి కడితే 5 శాతం రాయితీ, 12,000కి 600 మిగులు. అందుకే ఈ పద్దుకి బడ్జెట్ మొత్తాన్ని ఏప్రిల్ గడిలోనే పెట్టడం మేలు.

ఇంకో ఖాతా ఈ ఊరికి తప్పనిసరి: ‘ఇంట్లో అత్యవసర నగదు’. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను తర్వాత రోజుల తరబడి కరెంటు లేదు, ఫోన్ సిగ్నల్ లేదు, ఏటీఎంలు పనిచేయలేదు. బ్యాంకులో ఎంత ఉన్నా పాలకీ, నీళ్లకీ నోట్లే కావాల్సి వచ్చింది. వారం ఖర్చుకి సరిపడా చిన్న నోట్లు ఇంట్లో ఉంచి, చేతి నగదుతో కలపకుండా వేరే ఖాతాగా రాయండి. కలిపేస్తే వాడేస్తారు.

బ్యాంకు స్టేట్‌మెంట్ తెచ్చుకోవడం: నెట్ బ్యాంకింగ్‌నుంచి ఎక్సెల్ లేదా సీఎస్‌వీ దించుకోండి, పీడీఎఫ్ వద్దు. ఎక్సెల్ అయితే అంకెల్లోని కామాలు తీసేసి సీఎస్‌వీగా సేవ్ చేయండి. ఫైల్, ఇంపోర్ట్‌లో సీఎస్‌వీ ట్రాన్సాక్షన్లు ఎంచుకుని, పైనున్న పేరు, చిరునామా వరసల్ని వదిలేయమని చెప్పి, తేదీ, వివరణ, తీసినది, వేసినది అన్న నిలువు వరసలకు పేర్లు పెట్టండి. ఆ అమరికను మీ బ్యాంకు పేరుతో సేవ్ చేసుకుంటే వచ్చే నెల ఈ పనంతా తప్పుతుంది.

తేదీ రూపం రోజు-నెల-సంవత్సరం అని ఉందో లేదో తప్పక చూడండి. నెల-రోజు అని ఉంటే జూన్ 5 కాస్తా మే 6 అవుతుంది. నెలంతటి స్టేట్‌మెంట్ అయితే 13వ తేదీ దగ్గర ఎర్రర్ వచ్చి తప్పు బయటపడుతుంది. ఒకటి నుంచి పన్నెండో తేదీ దాకా మాత్రమే దించుకుంటే ఏ ఎర్రరూ రాదు, తేదీలన్నీ చప్పుడు లేకుండా తారుమారవుతాయి. అందుకే పూర్తి నెలకే దించుకోండి.

తర్వాతి తెరలో ప్రతి వరసకీ పద్దు ఇవ్వాలి. ఒక్కసారి ఇస్తే వివరణలోని మాటలు చూసి వచ్చేసారి తనే ఊహిస్తుంది. మొదటి రెండు నెలలు ఓపిగ్గా సరిదిద్దండి, ఆ తర్వాత ఎక్కువ భాగం దానంతటదే పడుతుంది. యూపీఐ దగ్గర మాత్రం ఇబ్బంది ఉంది. రైతుబజారులో కూరలమ్మే ఆమె క్యూఆర్ స్కాన్ చేస్తే వివరణలో ఆమె కొడుకు పేరుండొచ్చు, నెల తిరిగాక అదెవరో గుర్తుండదు. చెల్లించేటప్పుడే నోట్ గడిలో ‘కూరలు’ అని కొట్టండి. కొన్ని బ్యాంకుల స్టేట్‌మెంట్లలో అది వస్తుంది, రాకపోయినా యాప్ చరిత్రలో ఉంటుంది. పద్దు ఇవ్వకుండా వదిలేసినవన్నీ ఇంబ్యాలెన్స్-ఐఎన్ఆర్ అనే ఖాతాలో చేరతాయి. నెలాఖరుకి అది సున్నా కావాలి. గుర్తురానివి ‘తేలనివి’లో వేయండి, ఆ పద్దు నెల ఖర్చులో ఐదు శాతం దాటితే మాత్రం తెరిచి చూడాలి. అందులో ఒకేరకం ఎంట్రీలు నాలుగైదు కనిపిస్తే కొత్త పద్దు అక్కడ పుట్టాలి.

మూడు నెలల ఎంట్రీలు చేరేదాకా బడ్జెట్ అంకెలు పెట్టకండి, ఊహించి పెట్టినవి నిలవవు. ఆ తర్వాత యాక్షన్స్ మెనూలో బడ్జెట్, న్యూ బడ్జెట్. ఆప్షన్లలో మొదలు ఏప్రిల్ 1, ఒక్కో గడి ఒక నెల, మొత్తం పన్నెండు. పద్దుల్ని ఎంచుకుని ఎస్టిమేట్ నొక్కితే గతం చూసి నింపుతుంది. పెద్దపద్దుల గడుల్లో అంకెలు వేయకండి, చిన్నవాటి మొత్తమే అక్కడ కనపడాలి.

ఎస్టిమేట్ ఇచ్చిన అంకెల్ని విశాఖ కాలాలకు తగ్గట్టు మార్చాలి. చేపల పద్దు చూడండి: ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు సముద్రంలో మరబోట్ల వేట నిషేధం. ఫిషింగ్ హార్బర్‌కి సరుకు తగ్గి ధర పెరుగుతుంది. ఆ రెండు నెలలు పద్దు పెంచుతారో, చికెన్‌కి మళ్లుతారో ముందే నిర్ణయించుకుని గడుల్లో వేయండి. కరెంటు ఇంకా ముఖ్యం. 2022-23 రేట్ల ప్రకారం ఈపీడీసీఎల్ (విశాఖకు కరెంటు ఇచ్చే సంస్థ) ఇళ్లకు 126 నుంచి 225 యూనిట్ల దాకా యూనిట్‌కి 6 రూపాయలు, 226 నుంచి 400 దాకా 8.75. యూనిట్ల చార్జీ మాత్రమే లెక్కేస్తే 225 యూనిట్లకి 1,017, 325 యూనిట్లకి 1,892. ఏసీ వల్ల పెరిగిన వంద యూనిట్లు ఒక్కటే 875. ఏడాది సగటు తీసి అన్ని నెలలకీ ఒకే అంకె పెడితే మేలో దాటిపోతుంది, డిసెంబరులో మిగిలినట్టు కనిపించి వేరేదానికి ఖర్చయిపోతుంది.

చెట్టు మార్చాల్సివచ్చినప్పుడు ముందు సేవ్ యాజ్‌తో ఫైలుకి ఇంకో కాపీ తీయండి. పేరు మార్చినా, వేరే పెద్దపద్దుకిందకి జరిపినా పాత ఎంట్రీలన్నీ దానివెంటే వెళ్తాయి, పోయిన ఏడాది రిపోర్టులు కూడా మారతాయి. అర్థమే మారుతుంటే, ఉదాహరణకి ‘ట్యూషన్’ని కాలేజీ హాస్టల్‌కి వాడబోతుంటే, కొత్త పద్దు పెట్టి పాతదానికి హిడెన్ టిక్ చేయండి. రెండు పద్దులు కలపాలంటే అక్కర్లేనిదాన్ని డిలీట్ నొక్కండి. అందులోని ఎంట్రీల్ని ఏం చేయాలని అడుగుతుంది. వేరే పద్దుకి మార్చమన్నదే ఎంచుకుని, ఏ పద్దో రెండుసార్లు చూసి ఓకే చెప్పండి. ఎంట్రీల్నీ తీసేయమన్నది ఎంచుకుంటే బ్యాంకు నిల్వ కూడా చెదిరిపోతుంది. అప్పుడు ముందు తీసిన కాపీ తెరవడమే దారి.